కాశీలో వదిలిన కాకరకాయ

గంగలో మొలలోతు నీళ్లల్లో నిలబడి, దోసిట్లో నీళ్లు పట్టుకోని అబద్ధం చెప్పిన ఆడది ఆళ్లగడ్డలో ఇంకెవురన్నా ఉంటే చూపించండి. నేనైతే చెప్పినా. కాశీకి పోతే మనకు శానా ఇష్టమైన కూర ఒకటి, పండు ఒకటి ఆడ వదిలిపెట్టి రావాల గదా. మళ్లా జన్మలో వాటిని ముట్టకూడదు. మా యాత్రలో ముప్పైమందిమి ఉండాము, అందరం అంగళ్లు పెట్టుకున్నోళ్లమే. మన తెలుగు పంతులు ఒకాయన వరసగా అడుగుతా వచ్చినాడు. నా వంతు వచ్చేసరికి "ఏమి వదులుతావమ్మా?" అన్నాడు. "కాకరకాయ, స్వామీ" అన్నా. "ఇష్టమేనా?" అన్నాడు. "ప్రాణం, స్వామీ" అన్నా. ఇంట్లో కాకరకాయ వేగుతాంటే పక్కింటికి పోయి కూర్చునే మనిషిని నేను. పండు కింద వెలగపండు చెప్పినా. అది నేను పుట్టినప్పటి నుంచి నోట్లో పెట్టింది లేదు. మూడు మునకలు మునిగి, బేరం బాగా కుదిరిందిలే అనుకుంటా గట్టెక్కినా.

నా పక్కనే మా ఇంటాయన ఆదిశేషయ్య ఉండె. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్ల ఉండే మనిషి. ఆయన్ను పండు ఏదని అడిగితే "బేనిషా మామిడి" అన్నాడు. నంద్యాల సీమలో పుట్టినోడు బేనిషా వదిలేది యాడన్నా ఉందా? ఎండాకాలం వస్తే అన్నంలోకి మామిడిపండు లేకుండా చెయ్యి కడగని మనిషి. "ఏందండీ ఇది, సీతాఫలమో రామాఫలమో చెప్పొచ్చు గదా" అని గొణిగినా. ఆయన వినపడనట్ల మునిగినాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో రెండు దినాలూ ఇదే చెప్పుకోని నవ్వినా, ముప్పై ఏండ్లు అంగట్లో కూర్చున్నా మా ఆయనకు బేరం చేసేది రాలేదని. యాత్ర వాళ్లు గూడ నవ్వినారు. ఆయన కిటికీలో నుంచి చేన్లు చూస్తా కూర్చున్నాడు.

నా పేరు సుబ్బరత్నమ్మ. పుట్టింది నంద్యాల, మెట్టింది ఆళ్లగడ్డ. అహోబిలం పోయే దావలో మాది కిరాణా అంగడి. ముందర అంగడి, ఎనక ఇల్లు, రెంటికీ నడాన ఒక వాకిలి. ఆ వాకిలికి కుడిపక్క బెల్లం బుట్ట. మా మామ పెట్టిన చోటు అది. ఆయన పోయినా బుట్ట ఆడ్నుంచి కదల్లేదు. నేను ఆ వాకిలి దాటితే చాలు, నా కుడిచెయ్యి బుట్టలోకి పోతాది. నేను పంపను, అదే పోతాది. రేగ్గాయంత తుంట విరుచుకోని దవడకు పెట్టుకుంటే అవతల పని అయ్యేదాంక కరుగుతా ఉంటాది. ఇంట్లో నుంచి అంగట్లోకి, అంగట్లో నుంచి ఇంట్లోకి, పొద్దన లేచినప్పటి నుంచి ఎన్నిసార్లు దాటుతానో ఆ గడపకే తెలియాల.

కాశీకి పోకముందు ఏడాదే నాకు షుగరు ఉందని తేలింది. తీపి వద్దు, మామిడిపండ్లు వద్దు అని డాక్టర్లు చెప్పినారు. "తీపి తింటాండావా?" అని ఎవురు అడిగినా "తిననప్పా" అంటా వచ్చినా. అది అబద్ధమని నాకు అనిపించనే లేదు. తినడమంటే తట్టలో పెట్టుకోని కూర్చోని తినేది. దావన పోతా పోతా నిలబడి ఒక తుంట దవడకు పెట్టుకుంటే అది తినడమెట్ల అవుతాది? మామిడిపండ్ల సంగతి వేరే. వాటిని కూర్చోనే తిన్నా. సరుకుల గదిలో, తలుపు దగ్గరికి వేసుకోని, బియ్యం మూటల మధ్యన. ఆయన ఎట్లాగూ ముట్టడు గదా, ఆయన భాగం గూడ నాదే అనుకున్నా. టెంకలు మాత్రం కిటికీలో నుంచి గోడవతలికి విసిరేసేదాన్ని.

ఇట్లా ఏండ్లు గడిచిపోయినాయి. ఈ ఏడు శివరాత్రి అయిన వారానికి మా కోడలు సౌమ్య నన్ను పిలిచింది. సౌమ్య మా అన్న కూతురే, నంద్యాల పిల్ల, అందుకని నాకు భయపడదు. "అత్తా, పారాణి పెట్టుకున్నావా?" అంది. "శివరాత్రికి పారాణి ఏందే?" అన్నా. చూస్తే దేవుని గూటి కాడ్నుంచి వంటింటి దాంక బేతంచెర్ల బండల మీద ఎర్రగా మరకలు, అడుగుకు ఒకటి. నా కుడికాలు పైకెత్తి చూసింది. రెండో వేలు వాచిపోయి, మెట్టె కండలోకి దిగి, కింద చీము పట్టి ఉంది. నాకు రోంత గూడ నొప్పి తెలీలేదు. "నొప్పే లేదు, ఏమీ కాదులే" అన్నా. సౌమ్య మొహం తెల్లగా అయిపోయింది. షుగరు ముదిరితే నొప్పి తెలీదని ఆ పిల్లకు తెలుసు, నాకు తెలీదు.

రెండు దినాల తర్వాత నంద్యాల ఆసుపత్రికి పోవాలని అనుకున్నాము. ఆ రెండు దినాలూ నేను ఏం చేసినానంటే, పచ్చి మంచినీళ్లు తాగి పడుకున్నా. రక్తం తీస్తారు గదా, అప్పటికి షుగరు దిగి ఉంటే డాక్టరు ఏమనకుండా పంపుతాదని నా తెలివి. డాక్టరు చందన అని, నా కొడుకు ఈడుది. కాగితం చూసి, నా మొహం చూసి, "ఇది మూడు నెలల సరాసరి చూపించే పరీక్షమ్మా. మొన్నటి ఉపవాసం ఇందులో కనపడదు" అంది. ఉపవాసం సంగతి నేను చెప్పనే లేదు. నా ఎండిన పెదాలు చూసి కనిపెట్టిందేమో. నా నెత్తురే నా మీద చాడీలు చెప్తాదని నేను అనుకోలేదు.

ఆ పొద్దు మెట్టెను కత్తిరించినారు. చిన్న పట్టకారు మాదిరి ఒకటి తెచ్చి, నర్సమ్మ తుంచేసింది. పెండ్లినాడు మా ఆయన వంగి తొడిగిన మెట్టె అది. పురుటికి గూడ తీయలేదు. మొగుడు పక్కన నిలబడి ఉండంగా మెట్టె తీసేస్తే ఎవురికైనా ఎట్లుంటాది? నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కింద పడిన రెండు ముక్కలూ ఏరుకోని చొక్కా జేబులో వేసుకున్నాడు. డాక్టరు నాకు చెప్పింది: "ఆరు వారాలు చూస్తాను. మందులు నేనిస్తాను, కట్టు కడతాను. తీపి మాత్రం మీరు మానాలి. షుగర్ దిగకపోతే పుండు మానదు. మానకపోతే ఈ వేలు తీసేయాల్సి వస్తుంది."

వేలు లేని కాలికి మెట్టె యాడ పెట్టుకోవాల? బస్సులో ఆళ్లగడ్డ దాంక ఇదే ఆలోచన. దిగేలోపల ఒట్టు పెట్టుకోవాలని గూడ అనుకున్నా. సాయంత్రం వాసవమ్మ గుడికి పోయి, "అమ్మా, ఈ కుడిచేత్తో ఇంక బెల్లం ముట్టను" అన్నా. నాలుగు దినాలు బాగా జరిగింది. ఐదో దినం చూస్తే నా ఎడమచెయ్యి బుట్టలో ఉంది. ఎడమచేతి గురించి అమ్మ కాడ నేనేమీ అనలేదు గదా అనుకున్నా. తెలివితేటలు నాకు ఇట్లాంటి చోట్ల బాగా పనిచేస్తాయి.

సౌమ్య ఫ్రిజ్జు మీద క్యాలెండరు తగిలించింది. తీపి ముట్టని దినానికి గీత పెట్టాల, ముట్టిన దినానికి ఇంటూ పెట్టాల. నేనే పెట్టుకోవాల. నేను వరసగా గీతలు పెట్టుకుంటా పోయినా. ఒక దినం దవడన బెల్లం ఉండంగానే గీత పెట్టినా. అది చూసి మా ప్రశాంత్, నా కొడుకు, "భలే మాయమ్మ" అని మెచ్చుకోని పోయినాడు. వాని మెప్పు నాకు బాగానే అనిపించింది.

ఇంక ఊరంతా ఒకటే మాట, కాకరకాయ తినమని. మొదట చెప్పింది మా వీధిలో కూరగాయలు అమ్మే దానమ్మ. గంప దించి, "ఏరి పెడతానమ్మా, లేతవి, దినానికి రెండు తింటే నీ వేలు ఏమీ కాదు" అంది. "కాశీలో వదిల్నా, దానమ్మా" అన్నా. "మాకు కాశీ లేదులేమ్మా, నేను తింటాండా" అని పోయింది. అప్పుడు నాకు భలే ఊపిరాడింది. వచ్చినోళ్లందరికీ చెప్పుకున్నా: మందు నా ఎదురుగ్గానే ఉంది, నేనేమో విశ్వనాథునికి మాటిచ్చి ఉండా, మాట తప్పితే పాపం, తప్పకపోతే వేలు పోతాది, నా గతి చూడండి అని. అందరూ అయ్యో పాపం అన్నారు. వాళ్లు పోతానే వాకిలి దాటి బెల్లం దవడకు పెట్టుకున్నా.

మూడు వారాలకు మళ్లా నంద్యాల పోయినాము. కట్టు విప్పితే వేలి అంచు నల్లగా ఉంది. నేను నోరు తెరిచి కాశీ కథంతా చెప్పినా, కాకరకాయ తినలేని నా కష్టమంతా. డాక్టరు చందన ఓపిగ్గా విని, "కాకరకాయ తినమని నేనెప్పుడు చెప్పానమ్మా?" అంది. నేను ఆలోచించి చూసినా. నిజమే, ఆ పిల్ల చెప్పలేదు. "తీపి మానమన్నాను. ఇంక మూడు వారాలే ఉన్నాయి. ఈ నలుపు కిందికి దిగితే ఒక్క వేలుతో సరిపోతుందని కూడా చెప్పలేను" అంది. మా ఆయన ఆమెకు దండం పెట్టినాడు. బస్సులో సంచీ కింద పెట్టి, "కాలు దీనిమీద పెట్టుకో, రత్నమ్మా" అన్నాడు. ఆళ్లగడ్డ దాంక అంతే మాట్లాడినాడు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పుకునేదానికి సిగ్గే. ఇల్లు చేరినాము. అంగట్లో చెప్పులు విడిచి, కుంటుకుంటా లోపలికి పోతాండా. మనసంతా ఆ నల్లటి అంచు మీదే ఉంది. వాకిలి దాటినా. దాటినాక చూసుకుంటే దవడన బెల్లం ఉంది. ఎప్పుడు తీసినానో, ఏ చేత్తో తీసినానో నాకే తెలీదు. ఎదురుగ్గా సౌమ్య నిలబడి ఉంది.

ఆ పిల్ల అరవలేదు. అరిచి ఉంటే నేను రెండింతలు అరిచి గెలిచేదాన్ని. "అత్తా, మామ కాశీలో బేనిషా ఎందుకు వదిల్నాడో నీకు తెలుసా?" అంది. "బేరం రాక" అన్నా, బెల్లం దవడన ఉండంగానే. "నేను కాపరానికొచ్చిన మొదటి ఎండాకాలం అడిగినా" అంది సౌమ్య. "'మీ అత్త మామిడిపండ్లు తినకూడదని డాక్టర్లు అన్నారు పాపా, ఆమె ఎదురుగ్గా నేను తింటే ఆమెకు ఆశ పుట్టదా, నేను వదిలేస్తే కాయలు ఇంట్లోకే రావు గదా' అన్నాడు మామ. నీకు చెప్పొద్దన్నాడు, అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు."

నేను ఆడనే ఉన్న కందిపప్పు మూట మీద కూర్చున్నా. కాయలు ఇంట్లోకి రావనుకున్నాడా ఆయన? కొడుకు తింటాడు, కోడలు తింటాది అని దానమ్మతో ఏటా గంపలు దించించుకునింది నేను. ఆయన నోరు కట్టేసుకోని అంగట్లో కూర్చుంటే, ఎనక గదిలో తలుపు వేసుకోని ఆయన భాగం గూడ తినింది నేను. ఆరు ఎండాకాలాలు. రైలంతా వినపడేటట్ల చెప్పి ఆయన్ను నవ్వులపాలు చేసింది గూడ నేనే. నా మీద నాకు అసహ్యం పుట్టింది. దవడన ఉన్నది చేతిలోకి ఉమ్ముకున్నా. అప్పటికే సగం కరిగిపోయింది, అది వేరే సంగతి.

మరుసటి దినం పొద్దన దానమ్మ వస్తే, గంప దించకముందే అడిగినా. "నువ్వు పొగాకు నమిలేదానివి గదా, ఎట్ల మానితివి?" దానమ్మ నవ్వింది. "మానతా మానతా అని పదేండ్లు మాన్లేదమ్మా. చెయ్యి ఊరికే ఉండదు, దానికి వేరే పని ఇయ్యాల. పొగాకు సంచీ ఉండే చోట వేయించిన శనగలు కట్టుకున్నా. చెయ్యి పోయినప్పుడల్లా ఒక గింజ. శానా దినాలకు చేతికే తెలిసింది, ఆడ పొగాకు లేదని" అంది. కాశీ పంతులు, నేను ఒట్టుపెట్టిన అమ్మవారు, ఫ్రిజ్జు మీది క్యాలెండరు చెప్పని మాట కూరగాయల గంప చెప్పింది. సౌమ్య డాక్టరుకు ఫోను చేసి, దినానికి ఒక పిడికెడు తినొచ్చని కనుక్కునింది.

తర్వాత మా ఆయన కాడికి పోయినా. ఆయన కాడ నిజం చెప్పేది నాకు అలవాటు లేని పని. "ఏమండీ, ఆ బెల్లం బుట్ట ఆడ్నుంచి తీసేయండి. నా చెయ్యి ఆగదు. ఇన్నేండ్లూ ఆగలేదు" అన్నా. ఆయన నన్ను చూసినాడు, బుట్టను చూసినాడు. లేచి, వాళ్ల నాయన పెట్టిన బుట్టను ఎత్తి, అంగట్లోనే రోడ్డు వైపు చివరికి తీసుకపోయి పెట్టినాడు. నేను ఖాళీ అయిన చోట శనగల సీసా పెట్టినా, కొంగున గూడ పిడికెడు కట్టుకున్నా.

మొదటి దినాలు చూసి ఉండాల నన్ను. వాకిలి దాటుతానే చెయ్యి పోయి సీసాకు తగులుతాది, నేను మతిపోయినదాని మాదిరి ఆడనే నిలబడతా. శనగలు నమిలి నమిలి దవడలు నొప్పి. ఉప్పు అడిగిన ఆయమ్మకు పప్పు ఇచ్చినా, ఇదేందని అడిగితే ఆయమ్మనే తిట్టినా. మూడో దినం ఉగాది. పచ్చడి ప్రసాదం గదా, ఒక చెంచా తప్పదన్నారు. నేను ఒక చెంచా తిని, అందరూ లేచినాక గిన్నె నాకినా. నాకినాక గిన్నె చేతిలో పట్టుకోని శానాసేపు కూర్చున్నా. లేచి పోయి క్యాలెండరు మీద ఇంటూ పెట్టినా. ఎనకటి దొంగ గీతలన్నీ గూడ కొట్టేసి ఇంటూలు పెట్టినా. సౌమ్య చూసి, నాకు మజ్జిగ తెచ్చిచ్చింది. ఇంకోసారి ఎవురో పెండ్లి లడ్డు ఇచ్చిపోతే సగం తిన్నా. దానికి గూడ ఇంటూ. అయితే బుట్ట తీసేసినాక ఇంటూలు ఆ రెండే. మిగిలిన గీతలు నిజం గీతలు.

మూడు వారాలూ అయినాయి. నంద్యాలకు పోయే పొద్దు వచ్చింది. బస్సులో కట్టు కట్టిన వేలునే చూసుకుంటా కూర్చున్నా. ఇన్నేండ్లు నా కాలికి ఐదు వేళ్లుండాయని పట్టించుకున్నదాన్ని కాదు. డాక్టరు చందన మెల్లగా కట్టు విప్పింది. వంగి చూసింది. వేలితో అటూ ఇటూ నొక్కింది. "నొప్పిగా ఉందా?" అంది. "రోంత ఉందమ్మా" అన్నా. "మంచిది" అంది. నలుపు పోయింది. కింద ఎర్రగా కొత్త కండ వచ్చింది. "వేలు తీయాల్సిన పని లేదు" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకోని ఏడ్చినా. "షుగర్ ఇంకా దిగాలి. ఇట్లాగే ఉండాలి, ఇప్పుడు కాదు, ఎప్పుడూ" అంది. మెట్టె వదులుగా ఉంటే పెట్టుకోవచ్చు, దినమూ తీసి చూసుకోవాలని గూడ చెప్పింది.

బయట వేపచెట్టు కింద బల్ల మీద కూర్చున్నాము. ఆయన చొక్కా జేబులో నుంచి కాగితం పొట్లం తీసినాడు. విప్పితే నా మెట్టె. ఎప్పుడు చేయించినాడో, రెండు ముక్కలూ అతికించి, రోంత వెడల్పు చేయించి ఉండాడు. పొట్లం మడతలు చూస్తే ఆరు వారాలూ ఆ జేబులోనే తిరిగిందని తెలుస్తాంది. "కాలు చాపు" అని కిందికి వంగినాడు. ఆయనకు గూడ మోకాళ్లు బాగలేవు, బల్ల పట్టుకోని వంగినాడు.

అప్పుడే గాలికి వాసన వచ్చింది. గేటు కాడ తోపుడుబండి, బండి నిండా బేనిషా పండ్లు, ఈ ఏడు మొదటివి. కాలు ఆయన చేతిలో ఉంది, నా కండ్లు బండి మీద ఉండాయి. నోట్లో నీళ్లూరినాయి. వేలు దక్కి ఇంకా అరగంట గూడ కాలేదు.

కాలు ఎనక్కి తీసుకున్నా. "వద్దు" అన్నా.

"ఎందుకు?" అన్నాడు.

"ఆరేండ్లూ మీ భాగం మామిడిపండ్లు గూడ నేనే తిన్నా. సరుకుల గదిలో కూర్చోని" అన్నా.

"తెలుసు" అన్నాడు.

"ఎట్ల తెలుసు?"

"గోడవతల టెంకలు పడితే, కొడుకూ కోడలూ చూడకముందే దినమూ ఏరి పారేసేది ఎవురనుకుంటాండావ్?" అన్నాడు. ఆ మాటలో రోంత గూడ కోపం లేదు. అదే నాకు తగిలింది. కోపం ఉండుంటే బాగుండు అనిపించింది.

ఆయన భుజం పట్టి పైకి లేపినా. "మెట్టె మీ జేబులోనే ఉండనీండి. ఈ మామిడికాలం పోయినాక తొడగండి. అంతవరకు నా చేతిని నేనే నమ్మను" అన్నా. ఆయన నా మొహం చూసినాడు. కాగితం అవే మడతల్లో మడిచి, మళ్లా జేబులో పెట్టుకున్నాడు.

గేటు దాటితే ఆటోలు. గేటు దాటాలంటే బండి పక్కనే పోవాల. "మీరు ఆ పక్కకు రండి, నేను ఈ పక్కన నడుస్తా" అన్నా. ఆయన నాకూ ఆ బండికీ నడాన వచ్చినాడు. నేను కొంగు ముడి విప్పి, ఆయన చేతిలో నాలుగు శనగలు పెట్టి, ఒకటి నోట్లో వేసుకోని నడిచినా.